ఆకు చేతికివ్వని పేశీ

వకీలు పని ఉద్యోగం కాదని మా అమ్మ చివరిదాకా వాదించింది. ఒకటో తారీకు జీతం రానిది ఉద్యోగమెలా అవుతుందే అనేది. కిరండూల్ టౌన్‌షిప్‌లో మా క్వార్టర్ చుట్టూ ఉన్నవాళ్ళంతా ఇనుప గని ఉద్యోగులే, మా నాన్నతో సహా. సైరన్ మోగితే పోవాలి, సైరన్ మోగితే రావాలి. ఆ ఇంట్లో పుట్టి నేను నల్లకోటు వేసుకుని సైరన్ లేని పనికి పోయాను. జుట్టు నెరిసేదాకా అదే చేశాను. ఈమధ్య మోకాళ్ళు మొరాయించి మానేశాను. పోట్లాట లేకుండా రోజు గడపడం ఎంత కష్టమో ఇప్పుడు తెలుస్తోంది.

కొత్తగా బార్‌లో చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొస్తారు. టీ తాగుతూ, "మేడమ్, మీరు చేసినవాటిలో పెద్ద కేసేది?" అని అడుగుతారు. బస్తర్‌లో ఇన్నేళ్ళు చేసింది కదా, ఏ హత్య కేసో, ఏ తుపాకుల కేసో చెబుతుందని ఎదురుచూస్తారు. నేను రేషన్ దుకాణం కేసు చెబుతాను. వాళ్ళ మొహాలు వాడిపోతాయి. వాడితే వాడనీ, నేను మాత్రం అదే చెబుతాను.

ఉసూర్ దాటి తెలుగు నేల సరిహద్దు వైపు పోతే అడవిలో ఒక ఊరుంది. పేరు చెప్పను. ఆ ఊరికి ఆఫీసుల్లో ఇప్పటికే కావలసినంత పేరుంది. దోర్లా ఆదివాసులూ, తెలుగు మాట్లాడే రైతులూ కలిసి బతుకుతారు. ఊరి రేషన్ దుకాణాన్ని ఆడవాళ్ళ సమూహం ఒకటి నడిపేది. దాని అధ్యక్షురాలు నలభై దాటిన దోర్లా మనిషి. ఇంట్లో దోర్లీ, బజారులో తెలుగు, ఆఫీసులో అరకొర హిందీ. ఊరికి అవతల ఒక వాగు, వాగుకి అవతల అదే ఊరికి చెందిన రెండు గుంపులు. గుంపంటే అక్కడ నాలుగు గుడిసెలు దగ్గరగా వేసుకున్న చోటు. ఎండాకాలం ఆ వాగులో మోకాలు తడవదు. వానాకాలం దాని జోలికి పోకూడదు.

ఆమె ఒకరోజు ఆవపల్లిలో బస్సెక్కి నేరుగా మా కోర్టు ఆవరణలోకి వచ్చింది. నేను టీ కొట్టు దగ్గర నిలబడి ఎవరితోనో గొడవ పడుతున్నాను. గొడవ అయ్యేదాకా పక్కన ఓపిగ్గా నిలబడింది.

"తెలుగొచ్చిన వకీలమ్మంటే నువ్వేనా?"

"నేనే. ఏంది సంగతి?" వాళ్ళ దగ్గర నేను కూడా ఏంది అనే అంటాను. అయినా నా తెలుగు విని రేడియోలో మాట్లాడినట్టుందని నవ్వుతారు.

"మా దుకాణం గుంజుకున్నరు. ఎస్‌డీఎం సాబ్ కాయితం ఇచ్చిండు. మాస్టర్‌తోటి చదివిచ్చుకున్న. నేను చెప్పిన జవాబు మంచిగ లేదని రాసిండంట." ఆగి, నిజంగానే అర్థం కానట్టు నా మొహంలోకి చూసింది. "వకీలమ్మా, నేను అసలు చెప్పనేలే కద. చెప్పని మాట మంచిగ లేదని ఆయనకెట్ల తెలిసింది?"

నా సర్వీసులో విన్న పెద్ద పెద్ద వాదనలన్నీ ఒకెత్తు, ఆ ప్రశ్న ఒకెత్తు. టీ గ్లాసు అక్కడే పెట్టి ఆమెను లోపలికి తీసుకుపోయాను.

ఆ కాగితం చూశాను. ఎస్‌డీఎం అంటే తెలుగు వైపు ఆర్డీవో లాంటి అధికారి. జవాబ్ సంతోష్‌జనక్ నహీ. జవాబు సంతృప్తికరంగా లేదు. ఆ వాక్యం నాకు చిరకాల పరిచయం. మాస్టర్లను సస్పెండ్ చేసిన ఉత్తర్వులో అదే, అంగన్‌వాడీ ఆవిణ్ణి తీసేసిన ఉత్తర్వులో అదే. జవాబులో ఏముందో ఉండదు, అది ఎందుకు నచ్చలేదో ఉండదు. ఆ వాక్యం రాసి చేతులు దులుపుకుంటారు. ఈ ఉత్తర్వు ప్రకారం ఆమె సమూహం మీద నేరం ఒక్కటే. ఇన్‌స్పెక్టర్ తనిఖీకి పోయిన రోజు దుకాణానికి తాళం వేసి ఉంది. దుకాణం మూసి ఉన్నట్టు ఆమె ఒప్పుకుంది. కాబట్టి దుకాణం రద్దు. ఊరి కార్డులన్నీ రోడ్డు పక్కనున్న వేరే ఊరి దుకాణంలో కలిపారు. ఆ దుకాణానికి పోవాలంటే ఈ ఊరివాళ్ళకి సగం రోజు నడక. వాగు అవతలి గుంపులవాళ్ళకైతే ముందు వాగు, తర్వాత నడక.

"దుకాణం మూసిన మాట నిజమేనా?" అని అడిగాను.

"నిజమే."

"ఎందుకు మూశావు?"

ఆమె చెప్పింది. మీకు ఇప్పుడే చెప్పను. చెప్పకూడని చోట చెప్పకుండా ఉండటమే ఈ కథలో సగం కాబట్టి మీరూ కాస్త ఓపిక పట్టాలి.

"మరి ఇదంతా ఎస్‌డీఎంకి ఎందుకు చెప్పలేదు?"

"నా వంతు రాలే కద."

వాళ్ళ ఊళ్ళో పంచాయితీ జరిగే పద్ధతి అప్పుడు వివరించింది. నడిపించే పెద్దమనిషి దగ్గర ఒక తునికాకు ఉంటుంది. ముందు ఫిర్యాదు చేసినవాడి చేతికిస్తాడు. ఆకు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళదే మాట, మధ్యలో ఇంకెవరూ నోరెత్తకూడదు. చెప్పడం అయ్యాక ఆకు తిరిగి పెద్దమనిషికి ఇవ్వాలి. తీసుకున్న పెద్దమనిషి తను విన్నదేమిటో పైకి చెప్పాలి. అవును, నేనన్నది అదే అని చెప్పినవాడు ఒప్పుకున్నాకే ఆకు రెండోవాడి చేతికి పోతుంది. ఆకు రాకుండా మాట్లాడితే అదే ఒక తప్పు. దొంగవని మొహం మీద అన్నా సరే, ఆకు వచ్చేదాకా కూర్చోవాల్సిందే.

"ఎస్‌డీఎం ఆఫీసులో ఆకులుండవని తెలుసు," అంది. నేను వెర్రిదాన్ని కాదు సుమా అన్నట్టుంది ఆ చెప్పడం. "గానీ వాళ్ళకి కూడ ఏదో ఒకటి ఉంటది కద అనుకున్న. సాబ్ ఫోన్ల ఉన్నడు. క్లర్కు బాబు అడిగిండు, ఆ దినం దుకాన్ బంద్ ఉండెనా అని. హా అన్న. అది వాళ్ళ వంతు, అడిగిన దానికి చెప్పిన. అటెంక నిలబడ్డ. నిలబడితే బాబు కలం ఇచ్చిండు చేతికి. ఓహో, కలమే వీళ్ళ ఆకు అనుకున్న. నోరు తెరిచిన. ఈడ దస్తకత్ పెట్టు అన్నడు. పెట్టిన. కలం గుంజుకున్నడు. ఇంక జా అన్నడు."

నవ్వింది. నాకు నవ్వు రాలేదు, ఒళ్ళు మండింది. ఇప్పటికీ ఆ కలం తలుచుకుంటే మండుతుంది. మా ఇంటికొచ్చే పిల్లలు సహజ న్యాయమని పుస్తకాల్లో చదువుతారు, రెండో పక్షం మాట వినాలని లాటిన్‌లో కూడా చెబుతారు. ఆమెకి లాటిన్ రాదు. ఎదుటివాడికి వంతు ఇవ్వకుండా ఎవడైనా తీర్పు చెబుతాడని ఆమె ఊహకే అందలేదు. అందుకే అంతసేపు నిలబడింది.

బార్ రూమ్‌లో మా పెద్దాయన ఒకాయన ఉండేవాడు. బీడీ, క్యారమ్ బోర్డు, నాకు సలహాలు, ఈ మూడూ లేకుండా ఆయనకి పూట గడిచేది కాదు. మంచి మనిషి, నా మొదటి కోటు కాలర్ సరిచేసింది ఆయనే. ఈ కేసు సంగతి చెబితే కాయిన్ మీద నుంచి చూపు తిప్పకుండానే అన్నాడు.

"కలెక్టర్ దగ్గర అపీలుంది, వెయ్యి. నాలుగు దండాలు పెట్టించు. రోజూ ఎస్‌డీఎం ముందు నిలబడాల్సిన దానివి, ఆయన మీద హైకోర్టుకి పోతావా?"

"మూసిన దుకాణాల సంగతేమిటని కలెక్టర్ మీటింగులో మందలించాడనే కదా ఎస్‌డీఎం రద్దు చేసింది. అపీలు ఆయన దగ్గరికే వెయ్యాలా?"

"సరే, రిట్ వెయ్యి. గెలువు. ఏమవుతుంది? మళ్ళీ వినమంటారు. మళ్ళీ అదే ఎస్‌డీఎం, మళ్ళీ అదే ఉత్తర్వు. దుకాణం మూసినట్టు ఆమే ఒప్పుకుంది కదా బేటీ. విన్నా వినకపోయినా ఫలితం మారదు."

పిల్లలూ, ఈ మాట మీకు ప్రతి ఆఫీసులోనూ, చాలా కోర్టుల్లోనూ వినిపిస్తుంది. చెప్పేవాళ్ళు చాలాసార్లు మంచివాళ్ళే అయి ఉంటారు. ఫలితం మారదనేది వినక ముందే ఎలా తెలుస్తుందని అడగండి. నేను అదే అడిగి ఆయన కొట్టబోయే కాయిన్ వేలితో పక్కకి జరిపేసి వచ్చాను. ఆయన వారం రోజులు నాతో మాట్లాడలేదు.

హైకోర్టు బిలాస్‌పూర్‌లో. మా వైపు నుంచి బిలాస్‌పూర్ పోవడమంటే రాష్ట్రం ఈ చివరి నుంచి దాదాపు ఆ చివరికి పోవడం. బస్సు, మళ్ళీ బస్సు, ఆ తర్వాత రైలు. నువ్వు రానక్కర్లేదు, వకాలత్ మీద సంతకం పెడితే చాలని ఆమెకు చెప్పాను. వినలేదు.

"నా మాట మీద తగువైతుంటే నేను లేకుంటే ఎట్ల?"

ఎండు చేపల కూర, అన్నం మూట కట్టుకుని వచ్చింది. దారి పొడుగునా నాకు కొసరి కొసరి పెట్టింది. రాయ్‌పూర్ స్టేషన్‌లో మెట్ల మీద నా ఫైళ్ళ సంచీ తనే మోసింది, నా మోకాళ్ళు అప్పటికే బాగుండేవి కావు.

కేసు పిలిచారు. ప్రభుత్వ వకీలు లేచి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. దుకాణం మూసి ఉంది, ఆమే ఒప్పుకుంది, సంతకం ఉంది. మళ్ళీ వినమని పంపితే ఉత్త తతంగం, అందరి సమయం వృథా. పైగా అపీలు దారి ఉండగా రిట్ ఎందుకన్నాడు. జడ్జిగారు నా వైపు తిరిగారు. కోపంగా ఏం అడగలేదు, మామూలుగానే అడిగారు.

"మేడమ్, దుకాణం మూసిన మాట మీరూ కాదనడం లేదు. ఆమెకి అవకాశం ఇచ్చి ఉంటే ఏం చెప్పేది?"

నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఆ గదిలో ఉన్నవాళ్ళందరి మనసూ కరుగుతుందని నాకు తెలుసు. చెప్పిన మరుక్షణం ప్రభుత్వ వకీలు ఏమంటాడో కూడా తెలుసు. అది నిజమో కాదో ఇక్కడ తేల్చలేం, సాక్ష్యాలు చూడాలి, అపీలుకి పొమ్మనండి అంటాడు. రిట్‌లో నిజానిజాల తగువు పెట్టుకున్నామా, మన దారి మనమే మూసుకున్నట్టు. చెప్పకపోతే ఇంకో ప్రమాదం. ఈవిడ దగ్గర చెప్పడానికేం లేదనుకుని కొట్టేయొచ్చు. వెనక బెంచీ మీద ఆమె కూర్చుని ఉంది. మాట అర్థం కాకపోయినా నా వీపు వైపే చూస్తుంటుందని తెలుస్తూనే ఉంది. రెండు గుంపుల బియ్యం నా నోటి మీద ఆధారపడి ఉంది.

"ఆమె ఏం చెప్పేదో నాకు తెలుసు మైలార్డ్," అన్నాను. "ఇక్కడ చెప్పను. అది వినాల్సింది ఈ కోర్టు కాదు, దుకాణం రద్దు చేసిన అధికారి. ఆయన అడగలేదన్నదే నా కేసు. ఆయన అడగని ప్రశ్నకి మీకు జవాబు చెబితే, ఆయన తప్పు నేనే సర్దిపెట్టినట్టు అవుతుంది."

ప్రభుత్వ వకీలు నన్ను జాలిగా చూశాడు. ఒట్టేసి చెబుతున్నాను, పొగరుకి పోయి పేదదాని కేసు ముంచానా అనుకున్నాను. జడ్జిగారు ఫైలు తెప్పించుకుని పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పారు. తర్వాత ప్రభుత్వ వకీలుని అడిగారు.

"మూసి ఉందా అని అడిగినట్టు రాశారు. అవునని రాశారు. ఎందుకు మూశావని అడిగినట్టు ఎక్కడుంది?"

ఆయన వెతికాడు. లేనిది ఎక్కడ దొరుకుతుంది? పక్కనున్న జూనియర్ కూడా వెతికాడు. చివరికి, "ఆమె చెప్పి ఉండొచ్చు కదా మైలార్డ్, ఎవరూ అడ్డుకోలేదు," అన్నాడు. "ఆమె చెప్పలేదు సరే, మరి ఏ జవాబు నచ్చలేదని రాశారు?" అన్నారు జడ్జిగారు. టీ కొట్టు దగ్గర ఆమె నన్నడిగిన ప్రశ్న అది. అడవి నుంచి ఎవరూ మోసుకురాకుండానే అక్కడికి చేరింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఉత్తర్వు కొట్టేశారు. ఆమెకి తెలిసిన భాషలో, ఆమె చెప్పేది పూర్తిగా విని, కారణాలు రాస్తూ మళ్ళీ నిర్ణయం చెయ్యమన్నారు. అప్పటిదాకా దుకాణం సమూహం దగ్గరే ఉండాలన్నారు. బయటికొచ్చి ఆమెకి చెప్పాను.

"గెలిచినమా?"

"గెలిచాం. మళ్ళీ ఎస్‌డీఎం దగ్గర విచారణ."

"మళ్ళ ఆయన దగ్గరికేనా?" మొహం ముడుచుకుంది. "ఇంత దూరమొచ్చి ఆయన దగ్గరికే పోవుడైతే ఏం గెలిచినం?"

చదువుకున్న క్లయింట్లు కూడా అదే అడుగుతారు. ఈ కోర్టు నీ దుకాణం మంచిదా చెడ్డదా అని తేల్చదక్కా, నీ మాట వినమని ఆయన చెవి పట్టుకుని చెబుతుంది అన్నాను.

"అంటే ఈసారి ఆకు ఇస్తడా?"

"ఇవ్వాలి."

"ఇయ్యకుంటే?"

"మళ్ళీ బిలాస్‌పూర్ వస్తాం."

"వద్దు తల్లీ," అంది. "ఆకు నేనే తీస్కపోత."

వేళాకోళమనుకున్నాను.

పేశీ రోజు, అంటే విచారణ రోజు, ఎస్‌డీఎం ఆఫీసు వరండా నిండిపోయింది. సమూహం ఆడవాళ్ళు వచ్చారు, గుంపుల నుంచి ముసలివాళ్ళు వచ్చారు. మా బార్ రూమ్ పెద్దాయన కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఎందుకొచ్చారంటే, "ఈ పక్క పనుంది," అన్నాడు. ఎస్‌డీఎం గారు యువకుడు. చెడ్డవాడని అనను. అడవిలో పడేశారని బాధ, పైవాళ్ళ ఫోన్లు, ఇప్పుడు హైకోర్టు తనని తప్పు పట్టిందన్న ఉక్రోషం. నన్ను చూసి చూడనట్టు ఫైలు తెరిచాడు. తెలుగు వచ్చిన చౌకీదారుని దుబాసీగా నిలబెట్టారు.

"బోలో," అన్నాడు.

ఆమె కొంగు ముడి విప్పింది. అందులోంచి ఎండిన తునికాకు ఒకటి తీసి, జాగ్రత్తగా టేబులు మీద, ఆయన కలం పక్కన పెట్టింది. పెట్టి వెనక్కి వచ్చి నిలబడింది. నోరు మెదపలేదు.

బాబు కిసుక్కున నవ్వాడు. ఎస్‌డీఎం ఆకు వైపు చూశాడు, తర్వాత నా వైపు.

"ఏం తమాషా ఇది వకీల్ సాహిబా?"

నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో నాకూ భయమేసింది. కానీ ఇన్నాళ్ళు పోట్లాడింది ఈ ఆకు కోసమే కదా అనిపించింది. ఉన్న పద్ధతి చెప్పాను. ఆకు మీ చేతులతో ఇస్తే తన వంతు వచ్చినట్టు సార్, అప్పుడు మాట్లాడుతుంది అన్నాను.

"ఇది కోర్టు. వాళ్ళ ఊరి పంచాయితీ కాదు. నేను అవకాశం ఇస్తున్నాను కదా, మాట్లాడమనండి."

"పోయినసారి కూడా ఇచ్చామనే రాశారు సార్."

"వకీల్ సాహిబా!"

"ఆమెకి తెలిసిన భాషలో వినమని హైకోర్టు అంది. ఆమె భాషలో నీ మాట వింటాను అనడం ఇలాగే ఉంటుంది. ఇవ్వను అంటారా, అదే రాయండి, నేను కాపీ తీసుకుంటాను."

ఆయన హైకోర్టు ఉత్తర్వు వైపు ఒకసారి చూశాడు. ఆకుని రెండు వేళ్ళతో, మురికి అంటుతుందేమో అన్నట్టు పట్టుకుని ఆమె వైపు చాచాడు. ఆమె రెండు చేతులా అందుకుంది.

అప్పుడు మాట్లాడింది.

"దుకాణం మూసింది నిజం. నేనే తాళమేసిన. పోయినేటి ముందేడు వానకి మా అవతలి గుంపు ముసలాయన బియ్యం మూట నెత్తిన పెట్టుకోని వాగు దాటిండు. వాగుల కొట్టుకపోయిండు. మూట కింద తుప్పల్ల దొరికింది. మనిషి దొరకలే. ఆ మూట నేను తూచి ఇచ్చిందే. గుంపోళ్ళు ఆ బియ్యం తెచ్చి నా దుకాణం ముందట పెట్టిన్రు. ఏమన్లే, పెట్టి పోయిన్రు. ఆనాడు మా సమూహమంత కూసోని మాట అనుకున్నం. వానాకాలం మనుషులు వాగు దాటొద్దు, దుకాణమే దాటాలె. మా ఊరి మొగోళ్ళు ఈతొచ్చినోళ్ళు, డోంగా ఏసుకోని బస్తాలు ఒకటొకటి దాటిస్తరు. నేను తరాజు పట్టుకోని దాటుత. రెండు దినాలు ఆడ తూస్తం. ఆ రెండు దినాలు ఈడ తాళముంటది. ఇన్‌స్పెక్టర్ సాబ్ తాళం చూసి పోయిండు. వాగు ఒడ్డుకొచ్చి ఒక్క కేక ఏస్తే పలుకుతుంటి."

చౌకీదారు అంతా హిందీలోకి మార్చి చెప్పాడు. ఎస్‌డీఎం కలం కింద పెట్టేశాడు.

"కానీ నిబంధన ప్రకారం దుకాణంలోనే..." అని మొదలుపెట్టాడు.

ఆమె ఆకు పైకెత్తి చూపించింది. అంతే. ఆయన ఆగిపోయాడు. తలుపు దగ్గర మా పెద్దాయన దగ్గు వచ్చినట్టు నటించి మొహం అటు తిప్పుకున్నాడు.

"నిబంధన నాకు తెల్వదు. చెప్పకుంట చేసిన, అది నా తప్పు రాస్కో. గానీ ఆ బియ్యం గింజ కూడ పక్కకి పోలే. అవతలోళ్ళు వచ్చిన్రు, ఈ వరండల కూసున్నరు. అడుగు." ముందుకొచ్చి ఆకు ఆయన చేతిలో పెట్టింది. "నాదైంది. ఇగ నువ్వు చెప్పు, నేనేం చెప్పిన్నో."

వాళ్ళ మాటలో ఎంత పెద్ద అధికారైనా నువ్వే. ఆయనకి అది కొత్త. అయినా ఆకు అప్పటికే చేతిలో ఉంది. ఏం చెయ్యాలో తోచక, కొంచెం చిరాగ్గా చెప్పాడు. "వరద వచ్చింది కాబట్టి రెండు రోజులు దుకాణం మూశావు."

చౌకీదారు చెప్పగానే ఆమె తల అడ్డంగా ఊపింది.

"కాదు. వరదొచ్చి మూయలే. వరదొచ్చినా తెరిచిన. అవతల తెరిచిన."

ఆయన ఆమె వైపు చూశాడు. ఆ ఫైలు మొదలైనప్పటి నుంచి ఆమె మొహం ఆయన సరిగ్గా చూడటం అదే మొదటిసారి అని నా నమ్మకం. మళ్ళీ చెప్పాడు, ఈసారి నెమ్మదిగా. ముసలాయన సంగతితో మొదలుపెట్టాడు, డోంగా, తరాజు, అవతలి ఒడ్డున తూచడం, అన్నీ వరసగా చెప్పాడు. ఆమె ప్రతిదానికీ ఊ కొట్టింది. అయ్యాక, "గదే," అంది. గుంపుల ముసలివాళ్ళని కూడా పిలిచి అడిగాడు. మధ్యాహ్నం భోజనం సంగతి ఆయన మరిచిపోయాడు, బాబు మాత్రం మరిచిపోలేదు, గడియారం చూస్తూ కూర్చున్నాడు.

ఉత్తర్వు తర్వాత వచ్చింది. దుకాణం సమూహానికే. వానాకాలంలో ముందుగా కబురు చెప్పి అవతలి ఒడ్డున పంచవచ్చు. చెప్పకుండా చేసినందుకు ఒక హెచ్చరిక. ఆ హెచ్చరిక మీద కూడా పోట్లాడదామని నేను ఎగిరాను. ఆమె నవ్వి, "పోనీలే వకీలమ్మా, ఆయన వంతు కూడ ఆయనకుండాలె కద," అంది. మా పెద్దాయన మాత్రం ఓడిపోయానని ఒప్పుకోలేదు. కానీ అప్పటి నుంచి బార్ రూమ్‌లో ఎవరైనా ఆయన మాటకి అడ్డొస్తే బీడీ పైకెత్తి, "ఆకు నా చేతిలో ఉంది," అనేవాడు.

పిల్లలూ, ఫలితం మారింది కాబట్టి ఈ కేసు చెబుతున్నానని అనుకోకండి. ఆ రోజు ఎస్‌డీఎం అంతా విని కూడా దుకాణం రద్దు చేసి ఉంటే నేను మళ్ళీ రైలెక్కేదాన్ని, ఇంకా కోపంగా ఎక్కేదాన్ని. అయినా ఆమె చెప్పింది అప్పటికే ఆ ఫైల్లోకి ఎక్కింది, దాన్ని ఇంకెవడూ తుడిచెయ్యలేడు. నోటీసు ఇచ్చాం కదా, సంతకం ఉంది కదా, ఇంకేం కావాలి అని మిమ్మల్ని అడుగుతారు. గొంతు తగ్గించకండి. మర్యాదస్తులని అనిపించుకోవడానికి ఈ వృత్తిలోకి రాలేదు మనం.

మరుసటి వానాకాలం ఆమె నన్ను ఊరికి పిలిచింది. దుకాణం దాటే రోజు చూద్దువుగాని రా అంది. మోకాళ్ళు తిట్టుకుంటూ పోయాను. చెట్టు మాను తొలిచిన డోంగాలో, ఊపిరి బిగబట్టి, దేవుళ్ళందరినీ తలుచుకుంటూ వాగు దాటాను. అవతల ఒక పాక కింద తరాజు వేలాడదీసి ఆమె తూస్తోంది. గుంపులవాళ్ళు చుట్టూ చేరి కబుర్లాడుతున్నారు. నాకు ఒక పీట వేశారు.

కాసేపటికి ఊరి వైపు ఒడ్డు నుంచి కేక వినిపించింది. చూస్తే ప్యాంటు మడిచి, చెప్పులు చేతిలో పట్టుకుని ఇన్‌స్పెక్టర్. ఆ ఇన్‌స్పెక్టరే. తాళం చూసి ఈసారి వెనక్కి పోలేదు. డోంగా పంపారు. అందులో రెండు చేతులా అంచు పట్టుకుని, నాకంటే ఎక్కువ భయపడుతూ దాటాడు. ఒడ్డెక్కి, బట్టలు పిండుకుని, తరాజు దగ్గరికి వచ్చి అధికారంగా అడగబోయి ఆగి, మామూలుగా అడిగాడు.

"అక్కడ దుకాణం ఎందుకు మూసి ఉంది?"

ఆమె తల ఎత్తలేదు. ఒక ముసలామె సంచిలో బియ్యం పోసి, మూతి ముడేసి, భుజానికి ఎత్తింది. అప్పుడు ఆయన వైపు తిరిగి ఖాళీ చెయ్యి చాచింది.

"ఆకియ్యి సార్, చెప్త."